పసుపుకు మిరియమే కఫీల్

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా క్యాంపు గేటు పక్కనున్న సలీం టీ కొట్టు ముందర బెంచీలు నిండుతాయి. దమ్మామ్‌లో ఎండ అప్పటికి కాస్త దయ తలుస్తుంది. వారం బట్టలు ఉతికి ఆరేసినవాళ్లు, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూచుంటారు. హన్మాండ్లు మాత్రం అందరికంటే ముందే వచ్చి నడిమి బెంచీ ఆక్రమిస్తాడు. మెట్‌పల్లి వైపు మనిషి, ఊళ్లో పసుపు పండించినవాడు, ఇక్కడ షట్టరింగ్ పని. మాకందరికీ టీ, ఆయనకు పసుపు పాలు. సెలవుకు పోయొచ్చినప్పుడు సొంత చేను పసుపు ఒక సంచి తెచ్చి, రోజూ కలిపివ్వమని సలీం చేతిలో పెట్టాడు.

ఆ రోజు రాజేశం కుంటుతూ వచ్చాడు. నిర్మల్ మనిషి, మా గదిలోనే ఉంటాడు, షుగర్ ఉంది. సేఫ్టీ షూ రాసుకుని మడమ మీద పుండు పడింది, మానడం లేదు. క్లినిక్‌కు తీసుకుపోతానని క్యాంపు బండి నడిపే కుమార్ గేటు దగ్గర బండి పెట్టుకుని ఉన్నాడు. రాజేశానికి పోవాలనీ ఉంది, భయమూ ఉంది. డాక్టరు పనికి చాలడని రాస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని ఎవడో చెవిలో వేశాడు. అందుకని బండి వైపు పోవలసినవాడు మా వైపు వచ్చి, చెప్పు విడిచి కాలు చాపి, "హన్మాండ్లు అన్నా, నీ పసుపు దీనికి పనిజేస్తదా?" అని అడిగాడు.

అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగాడు.

"పనిజేస్తదా అంటవా? నన్ను అడుగుతున్నవా ఆ మాట? కూసో. కుమార్, నువ్వు గూడ బండి బందు చేసి రా, డీజిలు దండుగ. సలీం, నా గ్లాసు తేవయ్యా. ఆ, ఇగ ఇనుండ్రి. నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు, మీకెర్కే. జరిగింది జరిగినట్టు చెప్త. నేను మొదలు ఈ దేశం వచ్చినప్పుడు ఎడారిల పైపులైను పని. దుమ్మంటే మామూలు దుమ్మా? అన్నం తింటే పండ్ల కింద కరకర, నీళ్లు తాగినా కరకర. నాకు దగ్గు పట్టింది. ఊరికెల్లి తెచ్చుకున్న పసుపు ఉండె, నీళ్లల్ల కలుపుకొని తాగిన. తగ్గలే. మల్ల తాగిన. తగ్గలే. అప్పుడు నేను ఆలోచన చేసిన. ఇంత మంచి పసుపు లోపటికి పోతున్నది గదా, పోయి ఏం చేస్తున్నది?"

"ఏం చేస్తున్నదన్నా?" అన్నాడు అంజన్న. అంజన్న పెయింటర్. ఏ మాటైనా నమ్ముతాడు, నమ్మకపోయినా అడుగుతాడు.

"ఏం చేస్తలే! ఎట్ల పోయిందో అట్లనే బయటికి పోతున్నది. ఒంటికి పట్టుడు లేదు. పసుపు గుణమే గది. నీళ్లల్ల కరగదు, గ్లాసు అడుగున పోయి కూసుంటది. పోనీ జరంత లోపటికి పోయిందే అనుకో, ఆడ కాలేయం ఉంటది. కాలేయం అంటే ఏందనుకున్నవ్? జవాజాత్ ఆఫీసు. వచ్చినోని కాగితాలు చూస్తది. పసుపూ, నీకు ఈడ ఉండనీకి ఇకామా ఉన్నదా? లేదు. నిన్ను పిలిపించుకున్న కఫీల్ ఎవడు? ఎవడు లేడు. అయితే కొట్టు ఎగ్జిట్!"

ఎగ్జిట్ మాట వినగానే రాజేశం చాపిన కాలు లోపలికి గుంజుకున్నాడు. హన్మాండ్లు అది చూడలేదు. చెప్పేటప్పుడు ఆయనకు ఎవరూ కనబడరు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా అవ్వ యాదికొచ్చింది. నాకు చిన్నప్పుడు దగ్గొస్తే పాలల్ల పసుపేసి, నెయ్యి బొట్టేసి, మిరియాలు దంచి ఏస్తుండె. మిరియం ఎందుకే అవ్వా, గొంతు మండుతున్నది అని ఏడిస్తే నెత్తి మీద ఒక్కటిచ్చి తాగిపిస్తుండె. ఎందుకో చెప్పలే. నాకు ఎడారిల సమజైంది. నెయ్యంటే బస్సు. నీళ్లల్ల నడవలేని పసుపు నెయ్యిల ఎక్కి కూసుంటది. మరి మిరియం? మిరియమే కఫీల్! కాలేయం కాడికి ముందుగాల పోయి 'ఆగు భాయ్, వీడు నా మనిషి' అంటది. ఈ ఇద్దరు మాట్లాడుకునేలోపు పసుపు సప్పుడు చేయకుంట నెత్తుర్ల పడ్తది."

"ఇది నిజమేనా?" అని కుమార్ నన్ను అడిగాడు.

"ఇంతవరకు నిజమే" అన్నాను. కొవ్వు, మిరియం తోడుంటే పసుపు ఒంటికి ఎక్కువ పడుతుందని నేనూ ఎక్కడో చదివాను. హన్మాండ్లు అక్కడ ఆగి ఉంటే మేమంతా మెచ్చుకుని లేచిపోయేవాళ్లం. ఆగితే హన్మాండ్లు ఎందుకవుతాడు?

"విన్నవా కుమార్? సదువుకున్నోడు గూడ నిజమంటున్నడు. ఇగ మా ఫోర్‌మన్ హబీబ్ ఉండె, మిస్రీ ఆయన, ఈజిప్టు. ఆయన దగ్గితే రేకుల షెడ్డు ఊగుతుండె. నేను పాలు, పసుపు, నెయ్యి, మిరియం కలిపి ఒక్క గుక్క తాగిపిచ్చిన. అప్పుడు ఆయన దగ్గు నడుమల ఉన్నడు. సగం దగ్గు బయటికొచ్చింది, మిగిలిన సగం ఇప్పటిదాక రాలే. అటెన్క ఆయన మిస్ర్ పోయిండు, ఆడ గూడ రాలేదట."

"మంచి పని చేసినవ్ అన్నా. మరి పుండుకు?" అన్నాడు రాజేశం.

"వస్తున్న, పుండు కాడికే వస్తున్న. హబీబ్ ఊకున్నడా? పోయి మా కఫీల్‌కు చెప్పిండు. కఫీల్ తండ్రి ముసలాయన, మోకాళ్లు పట్టేసి మంచంల ఉన్నడు. పెద్ద పెద్ద డాక్టర్లు చూసిన్రు, కాలేదు. నాకు కారొచ్చింది. నేను పని బట్టల మీదనే పోయిన. ఆడ ఆవుపాలు లేవు, ఒంటె పాలు ఉన్నయి. ఏదైతే ఏంది, కొవ్వుంటే సాలు. పసుపు నేను ఏసిన, మిరియం నేను దంచిన, నెయ్యి జర ఎక్కువ పడ్డది. ముసలాయన తాగిండు. కాలు కదిలింది. రెండో కాలు కదిలింది. లేసిండు! లేసి ఊకున్నడా? ఖర్జూరం చెట్టెక్కిండు! దిగు తాతా అంటే దిగడు. కొడుకులందరు కింద నిలబడి బతిమిలాడిన్రు. ఆయన పైనుంచి ఖర్జూరాలు తెంపి కొడుకుల మీద ఇసురుతున్నడు. చెమట పడితే పసుపు చెమట, తెల్ల తోబు అంగి మొత్తం పసుపు రంగు. ఆయన కూసున్న సోఫాకు ఇప్పటిదాక మరక ఉన్నది, కావాల్నంటే పోయి చూసుకో."

"ఒంట్లకు అంత పట్టితే చెమటల బయటికెందుకు వచ్చిందన్నా?" అన్నాడు కుమార్.

"పట్టంగ మిగిలింది తమ్మీ! ట్యాంకు నిండితే నీళ్లు పొర్లవా?"

సలీం పాల గ్లాసు తెచ్చి హన్మాండ్లు చేతికిచ్చాడు. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, మాకందరికీ కనబడేలా గ్లాసు పైకెత్తాడు.

"చూసిన్రా? ఎంత చిక్కగున్నదో! ఇది మా మెట్‌పల్లి పసుపు గుణం. పాలల్ల పడంగనే పాలే చిక్కబడ్తయి. వాసన చూడు, కమ్మటి వాసన. దుకాణంల కొన్న పసుపైతే నేను నాలిక మీద పెట్టంగనే ఊంచేస్త. ఏ ఊరి పసుపో కాదు, ఏ చేను పసుపో చెప్త. చేన్ల గూడ, బాయి దిక్కు సాళ్లదా, తొవ్వ దిక్కు సాళ్లదా చెప్త. ఇది బాయి దిక్కుది. ఇది తాగబట్టే నా మోకాళ్ల నొప్పులు ఎగిరిపోయినయి. మొన్నటిదాక మెట్లెక్కితే ఏడుపొచ్చేది, ఇప్పుడు ఉర్కుతున్న."

సలీం వెనక్కు పోయి స్టౌ దగ్గర నిలబడ్డాడు. సలీంది కడప. వాగుడు ఆయనకూ ఇష్టమే, రోజూ అయితే ఈపాటికి ఏదో ఒక పుల్ల వేసేవాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముసలాయనకు ఒక ఒంటె ఉండె. పందెం ఒంటె, మగది, కుంటుతున్నది. రాజేశం, నీ లెక్కనే, మడమ కాడ పుండు. బకీటు నిండ కలిపి తాగిపిచ్చిన. మనిషికి ఒక చిటికె మిరియం అయితే ఒంటెకు ఎంత? నేను దోసెడేసిన. ఇగ దాని కాలేయం గేటు తెరిచి పెట్టి ఛుట్టీ మీద పోయింది. మరునాడు పందెం. ఒంటె ఉర్కింది చూడు! అది గీత దాటింది, దాని నీడ ఇంక సగం తొవ్వలనే ఉన్నది. నీడ వచ్చేదాక బహుమానం ఇయ్యకుండ్రి అని ఓడినోళ్లు లొల్లి చేసిన్రు. అటెన్క ఆ ఒంటె ఈనింది. ఈనినంక పాలు పిండితే పసుపు పాలే వస్తున్నయి! మిరియం ఘాటుతోని సహా. ఇగ ఆ ఇంట్ల కలిపే పనే లేదు, పిండుకొని తాగుడే."

"పందెంల ఉర్కిన ఒంటె మగది గదా?" అని నేను అడగబోయాను. అంజన్న నా మోకాలు నొక్కి ఊరుకోమన్నాడు.

రాజేశం మాత్రం నవ్వలేదు. ఆయన మనసు ఇంకా ఆ కాలేయం గేటు దగ్గరే ఉంది. "అన్నా, ఒక అనుమానం" అన్నాడు. "మిరియం పోయి కాలేయాన్ని మాటల్ల పెడ్తదంటివి. గేటు తెరిచే ఉంటదంటివి. నేను షుగర్ గోలీ ఏసుకుంట. గా గోలీ గూడ అదే గేటు కాడికెల్లి ఎక్కువెక్కువ నెత్తుర్ల పడదా? షుగర్ మరీ కిందికి పడిపోతే మరి?"

మేమంతా హన్మాండ్లు వైపు చూశాం. నాకు కూడా ఆ సంగతి తట్టలేదు. గేటు తెరిస్తే పసుపు ఒక్కటే ఎందుకు దూరుతుంది, పక్కన ఉన్నవాళ్లూ దూరరా? హన్మాండ్లు ఇంకో గుక్క తాగాడు. ఆయన ఆలోచించేటప్పుడు గుక్క పెద్దదవుతుంది.

"మిరియానికి ఎవని మొకం ఏందో ఎర్కుంటది" అన్నాడు చివరికి. "తన మనిషినే తోల్కపోతది."

"గోలీ మొకం గూడ గుండ్రంగనే ఉంటది గదన్నా, మిరియం లెక్క" అన్నాడు అంజన్న.

"నువ్వాగు! కథ నడుమల గోలీలు తేకు. అసలు సంగతి ఇంక రాలే. ఒంటెకు కలిపిన బకీటు కడిగి ఆ నీళ్లు ఏడ పారబోసిన? మా సైటుల పిల్లర్ మొదట్ల. ఆ పిల్లర్‌కు పెద్ద పర్రె పడి ఉన్నది, చెయ్యి పోతది. ఇంజనీరు పరేషాన్ల ఉన్నడు, కూలగొట్టాల్నా ఏంది అని. తెల్లారి పోయి చూస్తే పర్రె లేదు! అది ఉన్న జాగల పొక్కు కట్టి ఉన్నది. సిమెంటు పొక్కు. ఇంజనీరు గోటితోని గీకబోయిండు, నేను చెయ్యి పట్టుకున్న. సార్, గీకకు, పచ్చిగున్నది, అదే ఊడిపోతది అన్న. వారానికి ఊడిపోయింది. కింద కొత్త సిమెంటు, చంటిపిల్ల చెంప లెక్క నున్నగ."

"పిల్లర్‌కు కాలేయం ఉంటదా?" అన్నాడు కుమార్.

"ఉండదు! అందుకే గదా అంత జల్ది పట్టింది. ఆపేటోడే లేడు ఆడ!"

ఈ జవాబుకు అంజన్న చప్పట్లు కొట్టాడు. ఒప్పుకోవాలి, నేనూ కొట్టాను. హన్మాండ్లుకు ఇంకేం కావాలి? బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదంతా చూసి నాకొక ఆలోచన వచ్చింది. మనుషులకు, ఒంటెకు, పిల్లర్‌కు పట్టింది, సముద్రానికి పట్టదా? దమ్మామ్ ఒడ్డుకు పోయి రెండు సంచులు కుమ్మరిచ్చిన. ఒక సంచి పసుపు, ఒక సంచి మిరియం. పసుపు పట్టాల్నంటే ఏం గావాలె? నూనె గావాలె. ఈ దేశంల నూనెకు కొదవనా? భూమి కిందికెల్లి తన్నుకొస్తున్నది!"

"అది బండ్లల్ల పోసేది గదన్నా" అన్నాడు కుమార్.

"సముద్రానికి తేడా ఏం తెలుస్తది? మరునాడు జాలర్లు వల గుంజితే, ఓరి దేవుడా, చేపలన్ని పసుపు పట్టిచ్చి ఉన్నయి! ఉప్పు సముద్రంలనే ఉండె, పసుపు మిరియం నేనేసిన. పెనం మీద ఏసుడొక్కటే తక్కువ. అండ్ల ముసలి చేపలు గూడ ఒక్కటి కుంటుతలేదు. ఇగ చెప్పు రాజేశం, సముద్రానికి పట్టిన మందు నీ మడమకు పట్టదా? క్లినిక్ ఎందుకు, డాక్టర్ ఎందుకు, ఆయన రాసే కాగితం ఎందుకు? రోజు ఒక గ్లాసు తాగు. నా మోకాళ్లే సాక్షి!"

గేటు దగ్గర ఇంకో డ్రైవరు హారన్ కొట్టాడు, కుమార్ బండి అడ్డం ఉంది. కుమార్ లేచాడు. "రాజేశం అన్నా, వస్తున్నవా, రావా? క్లినిక్ మూసేస్తరు."

రాజేశం తన మడమ వైపు చూసుకున్నాడు. చుట్టూ ఎర్రగా కంది, మధ్యలో నల్లబడుతూ ఉంది. ఆయన కళ్లలో మాత్రం ఒక రకమైన నిశ్చింత వచ్చింది. ఒంటె, పిల్లర్ ఆయన నమ్మలేదు. మోకాళ్లు నమ్మాడు, ఎదురుగా కనబడే మోకాళ్లు.

"ఇయ్యాల వద్దు తమ్మీ. వారం రోజులు చూస్త" అన్నాడు. "సలీం భాయ్, హన్మాండ్లు అన్న తాగేదే నాకొక గ్లాసు కలుపు. అచ్చం అదే."

సలీం కదల్లేదు.

"కలుపవయ్యా!" అన్నాడు హన్మాండ్లు. "బాయి దిక్కు పసుపు, మిరియం జర ఎక్కువెయ్యి."

"నేను కలపన్నా" అన్నాడు సలీం.

"ఎందుకు?"

సలీం తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వెనక అరలో చెయ్యి పెట్టి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. కస్టర్డ్ పొడి డబ్బా. రంజాన్‌లో పండ్లలోకి కస్టర్డ్ చేసి అమ్మగా మిగిలింది.

"అన్నా, నాకు సిగ్గుగా ఉండాది. నీ పసుపు ఎప్పుడో అయిపోయినాది. ఒక శుక్రవారం గిరాకీ ఎక్కువుండి, కంగారులో నీ సంచి అనుకోని ఈ డబ్బాలో చెయ్యి పెట్టినా. పాలు గట్టిగా అయినంక గాని తెలీలేదు. తిడతావు, మొగం మీద పోస్తావు అనుకుంటి. నువ్వు తాగి, అబ్బ, ఇదీ అసలు మెట్‌పల్లిది, ఇయ్యాలే రుచి కుదిరినాది, రోజూ ఇట్నే కలుపు అంటివి. నేనేం చేసేది? రోజూ ఇట్నే కలుపుతా ఉండా. నీతో అయితే నవ్వులాట. ఆ కాలు చూసి కూడా ఈ పాలు కలిపిస్తే నన్ను అల్లా సెమిస్తాడా?"

అంజన్నకు నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోబోతే టీ ముక్కులోకి పోయింది. హన్మాండ్లు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. అడుగున మిగిలినదాన్ని వేలితో తీస్తే జారకుండా వేలికే అంటుకుంది.

రాజేశం నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. మెల్లగా అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టే అడిగాడు.

"అన్నా, కస్టర్డేదో పసుపేదో నాలికకే తెల్వనప్పుడు, ఒంటికి ఏది పట్టిందో నీకు ఎట్ల తెలిసింది?"

హన్మాండ్లు గ్లాసు పక్కన పెట్టి మళ్లీ బెంచీ మీద కూచున్నాడు.

కుమార్ రాజేశం ముందు చెప్పు పెట్టాడు. "అన్నా, నేను రోజు క్లినిక్‌కు మనుషులను మోస్తున్న. కట్టు కట్టిచ్చుకున్నోన్ని ఎవ్వరు ఇంటికి పంపిచ్చలే. దాచిపెట్టుకొని, కాలు కరాబై పోయినోళ్లనే పంపిచ్చిన్రు. ఎయిర్‌పోర్టుకు తోలింది గూడ నేనే."

రాజేశం చెప్పులో కాలు పెట్టాడు. నా భుజం పట్టుకుని లేచాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "గేటు ముచ్చట మాత్రం మంచిగ చెప్పినవన్నా. మిరియం తింటే నా గోలీ సంగతేందో డాక్టర్నే అడుగుత."

అంతే, హన్మాండ్లు మొహంలోకి ప్రాణం తిరిగొచ్చింది.

"అడుగు! తప్పకుంట అడుగు! కానీ నీకు సక్కగ అడగరాదు, జవాజాత్ సంగతి మరిచిపోతవ్, బస్సు సంగతి మరిచిపోతవ్. నేను గూడ వస్త. ఆ డాక్టరుకు జర సమజయ్యేటట్టు చెప్పాలె. సలీం, ఆ డబ్బా పారెయ్యకు. ఉత్త కస్టర్డ్ పొడినే పసుపు లెక్క ఒంటికి పట్టిచ్చినోన్ని నేను, నిజం పసుపైతే ఎట్లుంటదో ఆలోచన చెయ్యుండ్రి!"

ఆ మాట అంటూనే గబగబా బండి దగ్గరికి పోయాడు. బండి మెట్టు కాస్త ఎత్తు. తలుపు కడ్డీ ఒక చేత్తో, మోకాలు ఇంకో చేత్తో పట్టుకుని, "అమ్మా" అనుకుంటూ ఎక్కి రాజేశం పక్కన కూచున్నాడు.

"నీది గూడ చూపిస్త పా అన్నా" అని కుమార్ తలుపు వేశాడు.